తొమ్మిదో గీత

తొట్టిలో ఎవరో ఉప్పు కలిపారు.

పావని మోకాళ్ల మీద కూర్చుని పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరును ఇంకోసారి నీళ్లలోకి వదిలింది. గాజు గొట్టం రెండుసార్లు మునిగి, తేలి, నిలబడింది. నిన్న పొద్దున తొమ్మిదో గీత దగ్గర ఆగినది, ఇవాళ పదమూడు దగ్గర ఆగింది. నీళ్లు ఆవిరైనా ఉప్పు చిక్కబడుతుంది, నిజమే. కానీ నీటిమట్టానికి గుర్తుగా తొట్టి లోపల ఆమె అంటించుకున్న ఎర్ర స్టిక్కరు బొట్టు నిన్న ఎలా నీటి అంచును తాకుతూ ఉందో ఇవాళా అలాగే ఉంది. నీళ్లు తగ్గలేదు. ఉప్పు మాత్రం పెరిగింది.

ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఇంకో నాలుగు రోజులు ఆ గీత తొమ్మిది దాటకుండా ఉంటే చేపలకు జబ్బు వదిలినట్టే. ఇప్పుడు లెక్క మళ్లీ ఒకటి నుంచి.

నీళ్లలో ప్లాస్టిక్ పైపు ముక్కలోంచి రెండు క్లౌన్ ఫిష్‌లు ముఖాలు బయటపెట్టి చూస్తున్నాయి. నారింజ ఒళ్లు, తెల్లటి చారలు. పెద్దది ఆడది, చిన్నది మగది. వాటి జాతిలో అదే రివాజట. కొన్న రోజు సురేంద్ర ఆ మాట చెప్పి, "మనింట్లో మాదిరే" అని నవ్వాడు.

మదనపల్లె నుంచి సముద్రం చూడాలంటే ఏ దారిన పోయినా సగం రోజు ప్రయాణం. పావని పుట్టింది పెద్దమండ్యంలో, వాన కోసం ఆకాశం వంక చూసే చేను గట్టున. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా ఆమె సముద్రాన్ని చూడలేదు. అయినా రోజూ తెల్లవారుజామున, ఈ వెనక వసారాలో, వాషింగ్ మెషీనుకీ గ్యాస్ సిలిండరుకీ మధ్య, తొట్టిలో గాలి మోటారు బుడబుడమంటూ ఉంటే ఆమెకు కళ్లు మూతపడేవి. నీళ్లు మెల్లగా తొట్టి అంచు దాటి వచ్చేవి. బండల మీద పాకి, వంటింట్లోకి పోయి, పొయ్యి గట్టును ముంచి, మినప్పప్పు డబ్బానూ అత్త మందుల సంచినీ తేల్చుకుని, ముందు గదిలోకి పోయేవి. ఆ నీళ్లలో ఆమె ఈదేది. ఎవరూ పిలిచేవారు కాదు. "టీ" అనే మాట ఆ నీళ్లలో ఒక బుడగ మాత్రమే; పైకి పోయి పగిలిపోయేది.

ఈ రోజు నీళ్లు కదల్లేదు. ఆమె కళ్లు బాగా తెరుచుకునే ఉన్నాయి.

కూతురు యమున జూన్‌లో గుర్రంకొండ హాస్టలుకు వెళ్లింది. ఇల్లు బోసిపోయిందని అదే వారం సురేంద్ర బెంగుళూరు నుంచి మూడడుగుల గాజు ట్యాంకూ, రాళ్లూ, పొడి రూపంలో సముద్రపు ఉప్పూ, ఈ రెండు చేపలూ తెచ్చాడు. అతనిది సెల్‌ఫోన్ల షాపు. వచ్చిన ప్రతి మనిషికీ ఫోన్లో వీడియో చూపించి, "ఉప్పునీళ్ల ట్యాంకు మన మదనపల్లెలో నా దగ్గిరే ఉండాది" అనేవాడు. నీళ్లు మార్చడం, రాళ్ల మీద నాచు గీకడం, గాజు తుడవడం వీడియోలో కనిపించేవి కావు, అవి చేసే చేతులూ కనిపించేవి కావు. సెప్టెంబరులో పెద్ద చేప రెక్క మీద ఎవరో పంచదార రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. మూడు రోజుల్లో ఒళ్లంతా పాకాయి. కొత్త చేపల్ని కొన్నాళ్లు వేరుగా ఉంచి చూడకుండా నేరుగా ట్యాంకులో వదిలితే వచ్చే తిప్పలే అవని బెంగుళూరు అంగడాయన ఫోన్లో చెప్పి, ఇంకో ట్యాంకు, ఇంకో ఫిల్టరు, మందులు అంటూ పెద్ద జాబితా చదివాడు. సురేంద్ర ఫోను పెట్టేసి, "నీ చేపలకు జబ్బు సేసినాది సూడు పావనీ" అన్నాడు. ఆ పూట నుంచి అవి ఆమె చేపలయ్యాయి.

పావని పుంగనూరు పాల శీతల కేంద్రంలో పాలు పరీక్ష చేస్తుంది. బస్సులో పోతూ వస్తూ ఫోన్లో చదివింది. ఆ తెల్లచుక్కలు పురుగులు. ఉప్పు బాగా తగ్గిస్తే చేప ఓర్చుకుంటుంది, పురుగు ఓర్చుకోలేదు. కానీ ఆ తగ్గించడం ముప్ఫై రోజులు వరసగా ఉండాలి. మధ్యలో ఒక్కరోజు పెరిగినా, దాక్కున్న పురుగు మళ్లీ లేస్తుంది. ఉప్పు కొలవడానికి ఖరీదైన పరికరం కావాలని రాసుంది. ఆమెకు నవ్వొచ్చింది. సముద్రపు నీళ్ల చిక్కదనమూ ఆవుపాల చిక్కదనమూ దాదాపు పక్కపక్క గీతలే. కేంద్రంలో పక్కన పడేసిన పాత లాక్టోమీటరు అడిగి తెచ్చుకుంది. మంచినీళ్లలో వదిలితే సున్నా చూపించింది. సముద్రం ఇరవై అయిదు. మందు తొమ్మిది. బట్టలు నానబెట్టే నీలం తొట్టి ఆసుపత్రి అయింది. పైపు ముక్క మంచమైంది. నీళ్లు పులిసినప్పుడు సరిచెయ్యడానికి చిటికెడు వంటసోడా. నాలుగున్నరకు లేచి, నిన్న కలిపి పెట్టిన నీళ్లు రెండు బకెట్లు మార్చి, ఇల్లు ఊడ్చి, టిఫినూ క్యారియరూ కట్టి, ఏడు గంటల బస్సు.

ఇది రెండోసారి. మొదటిసారి పందొమ్మిదో రోజున గీత పన్నెండుకు ఎక్కింది. అప్పుడు తన చెయ్యే తప్పు చేసిందనుకుంది. నిద్రమత్తులో కొలత తప్పానని తనను తానే తిట్టుకుంది. మూడో రోజుకే పెద్ద చేప రెక్క మీద మళ్లీ ఒక తెల్లటి రవ్వ.

వేలితో తొట్టి అంచు తడిమింది. తడి మీద తెల్లటి పొడి అంటుకుంది. నలిపితే మైదాలా మెత్తగా జారింది.

"అత్తా, తొట్టిలో ఉప్పేమన్నా ఏసినావా?"

బుజ్జమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. "నేనేల ఏస్తాను మే? బీపీ అని నా కూరలో ఉప్పు తగ్గిస్తివి. ఇంగ చేపలకీ తగ్గిస్తివి. రేపు ఆవుకు గడ్డి తగ్గిచ్చమంటావు."

"మనకి ఆవు లేదు గదత్తా."

"అందుకే బతికిపాయ."

బుజ్జమ్మ ఇంట్లో కల్లుప్పు తప్ప ఇంకో ఉప్పు రానివ్వదు. రాళ్లలాంటి ఉప్పు. వేలికి అంటిన పొడి సముద్రపు ఉప్పు. ఆ బకెట్టు అటక మీద ఉంది. స్టూలెక్కితే తప్ప అందదు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. పావని బస్సెక్కాక కూడా, బకెట్టు మూత గట్టిగా నొక్కినట్టు తన వేళ్లను నొక్కుకుంటూ కూర్చుంది.

బస్సు పుంగనూరు దారిలో పడింది. మంచు ఇంకా విడలేదు. గుట్టలు నీటి అడుగున నల్లరాళ్లలా మసగ్గా నిలబడి ఉన్నాయి. ఎదురుగా టమాటా లారీలు ఒకదాని వెనక ఒకటి, ఎర్రటి చేపల గుంపు ఏదో పిలుపుకు ఒకే దిక్కుకు పోతున్నట్టు, కిటికీని రాసుకుంటూ పోయాయి. తనూ అలా పోవలసిన మనిషే. కుప్పం కేంద్రానికి ల్యాబ్ ఇన్‌చార్జిగా వేస్తూ ఆర్డరు వచ్చి నెలన్నర దాటింది. ఒకటో తేదీ ఆఖరు గడువు. ఇంక ఆరు రోజులు. కుప్పం రోజూ పోయి వచ్చే దూరం కాదు. అక్కడే ఉండాలి. సురేంద్ర వద్దనలేదు. అతను దేనికీ వద్దనడు. "పో, నేనొద్దన్న్యానా? నేనే పంపిస్తాండానని అందరికీ చెప్తా" అన్నాడు. చుట్టాలంతా నీ మొగుడు బంగారం అన్నారు. ఆ బంగారమే రోజుకో ప్రశ్న వేసేది. అమ్మకు మాత్రలు ఎవురిస్తారు? షాపుకు క్యారియరు? పండక్కి పాప వస్తే? వేటికీ తేదీ లేదు. అవి ఎప్పటికీ అయిపోయే పనులు కావు. చివరికి అతను "చేపల్ని ఇట్ల ఇడ్సిపెట్టి పోతావా?" అంటే ఆమె ఆ ఒక్కదాన్నే పట్టుకుంది. దానికి ముప్ఫై రోజులని తేదీ ఉంది. "చేపలు బాగయినాక పోతా" అంది. అందరి ముందరా అంది.

కేంద్రంలో రామసముద్రం రూటు నుంచి వచ్చిన మునెప్ప పాలు పరీక్ష చేస్తుంటే, మందు చుక్కకు ఎర్రగా మారాల్సిన పరీక్ష గొట్టం పసుప్పచ్చగా మారింది. నీళ్లు పోసిన పాలల్లో గీత పడిపోకుండా ఉప్పు వేస్తే అలా అవుతుంది.

"మునెప్పన్నా, పాలల్లో ఉప్పుండాది."

"ఉప్పా? ఆవు ఏడ్సినాదేమో మేడమ్!"

వరసలో నిలబడ్డ వాళ్లు పకపకా నవ్వారు. పావని గొట్టాన్ని అతని కళ్ల ముందు స్టాండులో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. వాదించకూడదు. ఎనిమిదేళ్లలో నేర్చుకున్నది అదే. పసుపు రంగును ఎవరూ ఎక్కువసేపు చూడలేరు.

"మా ఇంట్లోది ఏసుంటాది మేడమ్. ఆడోళ్లకేం తెలుస్తాది?"

ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. మునెప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీళ్లు నేనే పోసినా తల్లీ. ఉప్పూ నేనే ఏసినా. ఈ తూరికి ఇడ్సిపెట్టు."

ముందు నవ్వులాట, తర్వాత ఇంట్లో ఆడమనిషి, ఆ తర్వాత నిజం. ఎనిమిదేళ్లలో ఈ మూడు మెట్లలో ఒక్కటైనా వదిలేసి దిగిన మనిషిని ఆమె చూడలేదు.

మధ్యాహ్నం క్యారియరు విప్పి ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. మొదటిసారి గీత ఎక్కింది, చేపలు బాగయినాక పోతానని తను అందరి ముందరా అన్న మర్నాడు. రెండోసారి ఇవాళ. నిన్న సాయంత్రం అన్నాల దగ్గర తను ఏమంది? "ఇంకో అయిదు రోజులే. ఒకటో తారీఖు చేరతానని చెప్పేసినా." సురేంద్ర మజ్జిగ కలుపుకుంటూ తలూపాడు. "మంచిదే" అన్నాడు.

ఆ ముద్ద ఆమె తినేసింది. నెమ్మదిగా, పూర్తిగా తినేసింది. డబ్బా కడిగి పెట్టి కుప్పం మేనేజరు గోవిందస్వామికి ఫోను చేసింది.

"సార్, ఒకటో తారీఖు దాకా ఆగను. రేపే వస్తా."

"చేపలకు నయమాయనా అమ్మా?" ఆయన గొంతులో నవ్వుంది. రెండు ఆఫీసుల్లోనూ అందరికీ తెలిసిన కథే అది.

"లేదు సార్. నాతోనే వస్తాయి. గెస్టు రూములో ఒక తొట్టికి చోటుంటాదా?"

"తొట్టికేమమ్మా, చెరువు కావాలన్నా చూద్దాం. రండి" అన్నాడాయన.

సాయంత్రం మూతలున్న తెల్ల బకెట్లు రెండు కొని ఇంటికొచ్చింది. మూతలకు ఇనప కంబీ కాల్చి చిల్లులు పొడిచింది. బ్యాటరీతో పనిచేసే చిన్న గాలి మోటారు సర్దింది. నాలుగు చీరలు, ల్యాబ్ కోటు, లాక్టోమీటరు పెట్టె. అత్త మాత్రలను వారానికి సరిపడా డబ్బాలో పంచి, డబ్బా బుజ్జమ్మ చేతికే ఇచ్చింది. బుజ్జమ్మ బకెట్ల వంకా కోడలి వంకా చూసి, మాత్రలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

సురేంద్ర ఆరింటికి టీ తాగడానికి షాపు నుంచి వస్తాడు. వచ్చి, బల్ల ముందు కూర్చుని, చూడకుండానే చెయ్యి చాపాడు. చేతికి తగిలింది టీ గ్లాసు కాదు. నిండా నీళ్లున్న పొడుగాటి గాజు గ్లాసు, అందులో నిటారుగా తేలుతున్న లాక్టోమీటరు. నీటి అంచు దగ్గర గీత పదమూడు. గ్లాసు పక్కన నల్లటి గుడ్డ ముక్క మీద చిటికెడు తెల్లటి మెత్తటి పొడి.

"ఏం మే, టీ అడిగితే ఉప్పునీళ్లు పోస్తివే! నేనేమన్నా చేపనా?"

పావని చేతులు కట్టుకుని నిలబడింది.

అతని నవ్వు కాసేపు ముఖం మీదే ఉండి, పట్టు దొరక్క జారిపోయింది. గ్లాసు వంక చూశాడు. గుడ్డ వంక చూశాడు. గుమ్మం పక్కన వరసగా పెట్టిన రెండు తెల్ల బకెట్లూ, సంచీ అప్పుడు కనిపించాయి.

"మాయమ్మ ఏసుంటాది. ఆయమ్మకేం తెలుసు చేపల సంగతి?"

లోపలి గదిలోంచి బుజ్జమ్మ గొంతు వచ్చింది. "ఒరే, ఈ మోకాళ్లతో నేను ఆ అటకెక్కితే దింపను నలుగురు రావల్ల రా!"

పావని నవ్వలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు. వెనక వసారాలో గాలి మోటారు బుడబుడమంటోంది. నీళ్లు తొట్టి అంచు దాటి రావడం ఆమెకు వినిపించింది. బండల మీద పాకి వచ్చి, బల్ల కాళ్లను చుట్టి, అతని మోకాళ్ల దాకా, ఛాతీ దాకా లేస్తున్నాయి. ఆమె పాదాలు మాత్రం ఎప్పుడో నేల వదిలేశాయి. తేలుతూ, తీరిగ్గా, అవతలి ఒడ్డు నుంచి ఎవరినో చూసినట్టు ఆమె అతన్ని చూస్తోంది.

"రేపు ఆరు గంటల బస్సుకు పోతాండా" అంది. "చేపలు నాతో వస్తాండాయి."

సురేంద్ర గ్లాసు మీద నుంచి చెయ్యి తీశాడు. బల్లతో మాట్లాడుతున్నట్టు నోరు తెరిచాడు.

"నేనే ఏసినా పావనీ. రెండుసార్లూ నేనే. పాప పాయ, నువ్వూ పోతే ఈ ఇంట్లో నేనెట్లుండాలో నాకు తెలీలా. అవి బాగయితే నువ్వు పోతావు. సచ్చిపోయినా పోతావు. అందుకే గ్లాసుతో కొలిసి, నీ గీత సూసుకుంటా ఏసినా. సావకూడదు, బాగవ్వకూడదు... సరిగ్గా అంతే ఏసినా."