కందకం నాలుగో వైపు

టామ్సిన్ చేసే ఉద్యోగం చూడటం. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో పాత ఇంటి పక్కన గొయ్యి తవ్వాలంటే, అక్కడ ఒక పురావస్తు మనిషిని నిలబెట్టాలని కౌన్సిల్ షరతు. ఆ మనిషి వానలో నిలబడి జేసీబీ బకెట్ వంకే చూస్తూ, పాతదేదైనా కనపడితే చెయ్యెత్తాలి. ఎక్కువ రోజులు చెయ్యి జేబులోనే ఉంటుంది.

మేవిస్ గారడ్ ఇంటి చుట్టూ ఉన్నది ఏడొందల ఏళ్ళ కందకం. నీళ్ళు మాత్రం మూడు వైపులే. నాలుగో వైపు ఎప్పుడో పూడ్చేశారు. డెబ్బై ఆరేళ్ళ మేవిస్ మెట్లెక్కలేక కింద స్నానాలగది కట్టించుకుంటోంది. దాని మురుగు గొట్టానికి ఇప్పుడు ఆ పూడికలోనే కాలువ తవ్వుతున్నారు.

పైన మీటరు మేర అంతా పెంకులు, తుప్పు డబ్బాలు, సీసా ముక్కలు. జేసీబీ నడిపే రెగ్ బకెట్ ఆపాడు. "ఏం డాక్టరమ్మా, రాజుగారి కిరీటం కనపడిందా?"

"సార్డీన్ చేపల డబ్బాలు చూడ్డానికా నేను అంత చదువు చదివింది? లాగెయ్ రెగ్. కింద నల్ల బురద తగిలాక నెమ్మదిగా పోదాం."

వాళ్ళ వృత్తిలో అందరూ చేసేదే అది. వందేళ్ళ లోపుది చెత్త, అంతకు ముందుది చరిత్ర. ట్యాబ్లెట్‌లో 'ఆధునిక పూడిక, విశేషం లేదు' అని నొక్కి పంపేసింది. ఒకసారి బకెట్ అంచున గోధుమరంగు తోలుముక్క ఒకటి వేలాడింది. చూసింది. చెయ్యెత్తలేదు. పన్నెండు ట్రాలీల మట్టి కొత్త బండి బాట కిందికి పోయింది. దాని మీద కంకర పోసి రోలర్ తిప్పేశారు కూడా.

మధ్యాహ్నం మేవిస్ టీ తెచ్చింది. ట్రేలో కప్పుల పక్కన, తువ్వాలులో చుట్టిన చిన్న బూటు.

"దీని జత ఏమైనా వచ్చిందా?"

అది ఆవిడ తమ్ముడు రాయ్‌ది. డెబ్బై ఏళ్ళ కింద, ఐదేళ్ళవాడు, కందకం నాలుగో వైపు గట్టిపడిన మంచు పైన నడిచాడు. మంచు విరిగింది. నాన్న బయటికి లాగేసరికి ఒక కాలికే బూటుంది. మూడు రోజులు గడకర్రతో వెతికినా రెండోది దొరకలేదు. ఒంటి బూటుతో పంపితే కుంటుతాడని, అమ్మ వాణ్ణి శవపెట్టెలో ఉత్తకాళ్ళతోనే పడుకోబెట్టింది. ఆ వసంతమంతా నాన్న ఆ వైపు ఒక్కడే పూడ్చాడు.

ముందే ఎందుకు చెప్పలేదని టామ్సిన్ అడిగింది.

"నీ పని నేను నీకు చెప్పడమేంటి తల్లీ? చుట్టు దారైనా గొట్టం ఇటే వెయ్యమన్నాను. అన్నీ చూసే మనిషిని నిలబెడతారట కదా, అందుకని."

రెగ్ టోపీ తీసి అందులోకి చూస్తూ ఉండిపోయాడు. లేదని చెప్పడం టామ్సిన్‌కి చాలా తేలిక. రాలేదండీ అంటే సరిపోయేది.

"ఒక తోలుముక్క వచ్చింది మేవిస్ గారూ. చూశాను. ఆపలేదు."

 అది ఎటు పోయిందని మేవిస్ అడిగింది. రెగ్ బాట వైపు చూపించాడు.

వెలుగు ఉన్నంతసేపూ వెతికారు. రెగ్ పారతో కంకర లేపుతుంటే, టామ్సిన్ మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి గీకింది. నాలుగు కావస్తుండగా తోలు దొరికింది. మేవిస్ దాన్ని చిరిగిపోకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, బూటు పక్కన పెట్టి చూసింది.

"ఇది కళ్లెం పట్టీ. మా డచెస్‌ది. మంచి గుర్రం."

అయితే బూటు బాట కింద మిగతా మట్టిలో ఉందో, ఇంకా కింద బురదలో ఉందో, ఎప్పుడో కుళ్ళిపోయిందో. చెప్పగలిగేవాళ్ళు లేరు. పై మట్టి లాగేసినంతసేపూ ఎవరూ సరిగ్గా చూడలేదు.

ఆపమని మేవిసే అంది. టీ చల్లారిపోయిందని, మళ్ళీ పెడతానని అంది. బూటు తువ్వాలులో చుట్టుకుని ఇంటివైపు బయల్దేరింది. నున్నగా రోలర్ తిప్పిన బాట ఇంటిదాకా ఉంది. మోకాళ్ళ నొప్పులున్నా ఆవిడ దాని మీద కాలు పెట్టలేదు. పక్కన తడిగడ్డిలోకి దిగి, గోడ పట్టుకుంటూ, మొత్తం చుట్టు తిరిగి వెళ్ళింది.