అత్తయ్యగారి వేళ్ల మధ్య మీటరు

నీళ్ల ఆఫీసులో గుమాస్తా పని చేసేవాడికి ఏ మీటరునూ ఒక పట్టాన నమ్మే అలవాటు ఉండదు. పొద్దున కిటికీ తెరిచింది మొదలు సాయంత్రం మూసేదాకా అతను వినేది ఒకటే మాట: "మా మీటరు అబద్ధం చెబుతోందండీ." కొన్నిసార్లు మీటరే అబద్ధమాడుతుంది, కొన్నిసార్లు మనిషి. ఎవరన్నది తేల్చడమే అతని ఉద్యోగం. అందుకే కాలింగ్ బెల్లు మూగబోయిందని చవకలో ఒక డిజిటల్ మల్టీమీటరు కొనుక్కొచ్చిన రోజున, బెల్లు జోలికి పోకుండా ముందు మీటరునే పరీక్షకు కూర్చోబెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం. ముందుగదిలో కిటికీ తెరలోంచి వెలుతురు నీళ్లు కలిపిన పాలలా నేలమీద పరుచుకుంది. కిటికీ పక్క మంచం మీద అత్తగారు కళ్లు తెరిచే పడుకుని ఉంది. ఆవిడకు మాట పడిపోయి చాలాకాలమైంది. రెప్పలు వేస్తుంది, నోట్లో పెట్టింది మింగుతుంది, అంతే. వినపడుతోందా అని అడిగితే డాక్టరు "చెప్పలేమండీ" అన్నాడు. ఒకప్పుడు ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్లోవాళ్ల మాటలన్నీ ఒక కన్నంలోంచి ఇంకో కన్నంలోకి కలిపిన మనిషి. ఇప్పుడూ ఎక్కడో దూరపు లైనులో ఏదో వింటున్నట్టే కప్పుకేసి చూస్తూ ఉంటుంది.

మొదట్లో అతని భార్య తల్లి పక్కన కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. రానురాను కబుర్లు మాటలయ్యాయి, మాటలు ముక్తసరి అయ్యాయి. ఇప్పుడు అన్నం పెడుతుంది, తల దువ్వుతుంది, పక్కకు తిప్పి వీపు తుడుస్తుంది, అంతా నోరు విప్పకుండానే. "గోడతో చెప్పుకున్నా ప్రతిధ్వని వస్తుందండీ," అందొకసారి. ఆ తర్వాత అదీ అనలేదు. ఒక మూగమనిషి ఉన్న ఇంట్లో ఇద్దరయ్యారని అతని దిగులు. మంచం మీది ఆవిడను దేవుడు చూసుకుంటాడు సరే, వంటింట్లోని ఆవిడను ఎవరు చూడాలి?

నేలమీద బాసింపట్టు వేసుకుని మీటరు ముందు పెట్టుకున్నాడు. ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ, వాటి చివర సూదుల్లాంటి మొనలు. మొదట రెండు మొనల్నీ ఒకదానికొకటి ఆనించాడు. సున్నా రావాలి. సున్నా పాయింటు ఆరు వచ్చింది. 'మనల్ని మనం పరీక్షించుకున్నా నిఖార్సైన సున్నా వస్తుందా? ఎంతో కొంత మిగిలే ఉంటుంది' అనుకుని మొదటి తప్పు క్షమించాడు. కొత్త సెల్లుకు పెడితే ఒకటిన్నర దాటి చూపించింది. గోడ గడియారంలోంచి తీసిన సెల్లుకు అంతకంటే బాగా తక్కువ చూపించింది. నిజమే, ఆ గడియారం ఈమధ్య కుంటుతోంది. బెల్లు తీగ ముక్క ముక్కగా చూసుకుంటూ పోతే మీటరు అన్నిచోట్లా కుయ్యిమంది, గుమ్మం బయట బొత్తాం దగ్గర మాత్రం నోరెత్తలేదు. తెగింది అక్కడే. ఒకటే దుర్గుణం, కాసేపు పలకరించకపోతే తనంతట తనే నిద్రపోతుంది. 'ఆదివారం నేనూ అంతేగా' అని దాన్నీ సరిపెట్టుకున్నాడు.

చివరికి ఏమీ తోచక రెండు మొనల్నీ తన వేళ్ల మధ్య పట్టుకున్నాడు. అంకె నాలుగువందల మీద ఉండి, అయిదువందలకు పాకి, మళ్లీ నాలుగువందలకు జారింది. ఒక్కచోట నిలబడితే ఒట్టు.

"దొరికావు దొంగా," అని మీటరును అట్టపెట్టెలో పెట్టి వీధి చివర ఎలక్ట్రికల్ షాపుకు నడిచాడు.

షాపాయన పెట్టె చూడగానే నవ్వాడు. "ఏం మాస్టారూ, కాపరానికి పంపిన పూటే పిల్లను పుట్టింటికి తెచ్చేశారు?"

"మీ పిల్లకు నిలకడ లేదండీ. ఇదిగో, వేళ్లతో పట్టుకుంటే అంకె ఎలా గెంతుతోందో చూడండి."

"నిలకడ లేనిది పిల్లకు కాదు, అల్లుడికి." షాపాయన సొరుగులోంచి, కరెంటుకు అడ్డుపడే బియ్యపుగింజంత రెసిస్టరు తీసి మొనల మధ్య పెట్టాడు. అంకె మేకు కొట్టినట్టు నిలబడింది. "దీనికి ఆఫీసు లేదు, పెళ్లాం లేదు, రేపటి బెంగ లేదు. ఎప్పుడడిగినా ఒకే మాట చెబుతుంది. ఇప్పుడు మీరు పట్టుకోండి."

పట్టుకున్నాడు. అంకె కుదురుకుంటూ ఉండగా షాపాయన ఉన్నట్టుండి బల్లమీద దబ్బున చరిచాడు. వెంటనే ఏమీ కాలేదు. ఒక్క ఊపిరి తర్వాత అంకె మెట్లు దిగినట్టు దిగిపోయింది.

"అదిరితే చేతికి కంటికి కనబడనంత చెమట పడుతుంది. అప్పుడు చర్మం కరెంటుకు దారి ఇస్తుంది, అంకె దిగుతుంది. మీటరు మంచిదే మాస్టారూ, ఇంటి అవసరాలకు ఢోకా లేదు. కానీ అది కొలిచేది చెమటను, మనసును కాదు. మనసును కొలిచే సరుకు ఈ ధరలో రాదు." రెసిస్టరు అతని అరచేతిలో పెట్టాడు. "అనుమానం వస్తే దీన్ని అడగండి."

తిరిగి వస్తుంటే ఎండలో వీధి ఎవరి కలలోదో అన్నట్టు ఉంది. ఆరేసిన దుప్పట్లు గాలి లేకపోయినా మెల్లగా ఊగుతున్నాయి. పిడికిట్లో రెసిస్టరు. దానికి బెంగ లేదు కాబట్టి దాని అంకె కదలదు. అయితే కదిలే అంకె వెనకాల ఉన్నదేమిటి? ఆ ప్రశ్న అతని కంటే ముందే ఇంటికి చేరి, కిటికీ పక్క మంచం దగ్గర నిలబడింది.

ముందు మీటరు మొనల్ని తన వేళ్లకే కట్టుకుని చూసుకున్నాడు, చీమ పాకినట్టు కూడా లేదు. రెసిస్టరును అడిగాడు, పాత మాటే చెప్పింది. 'తప్పయితే నువ్వే ఆపు స్వామీ' అని దణ్ణం పెట్టుకుని, మెత్తటి గుడ్డపేలికలతో ఆ రెండు మొనల్నీ అత్తగారి రెండు వేళ్లకు కట్టాడు. ఎక్స్‌ఛేంజి రోజుల గురించి ఆవిడ చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. "లైను ఖాళీగా ఉందో లేదో చూడాలంటే పిన్ను మొన కన్నానికి ఊరికే అలా తాకించేవాళ్లం అల్లుడుగారూ. చెవిలో చిటుక్కుమంటే, లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారని. మధ్యలో దూరకూడదు."

అంకె నెమ్మదిగా పైకి పాకి ఆరువందల నలభై దగ్గర కుదురుకుంది.

"అత్తయ్యగారూ, మీ అమ్మాయి ఇవాళ కూడా కూరలో ఉప్పు మరిచింది," అన్నాడు. ఒకప్పుడు ఈ మాటకు ఆవిడ అంతెత్తున లేచేది. అంకె లేవలేదు, పడలేదు. రోజూ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని చదివే ప్రార్థన మెల్లగా అందుకున్నాడు. పూర్తయింది. అంకె అక్కడే ఉంది. అతనికి కాస్త చిన్నతనం అనిపించింది. రోజూ అదే వేళకు అదే గొంతుతో చదివితే వినేవాళ్లకు అలవాటైపోతుందేమో. పైవాడికి కూడానా? అలా అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు గానీ, ప్రశ్న మాత్రం కదలకుండా కూర్చుంది.

"ఏవండీ! ఆ తీగలేంటి? మా అమ్మకు కరెంటు పెడుతున్నారా?"

గుమ్మంలో భార్య, చేతిలో గరిటె. అతను జవాబు చెప్పబోయి మీటరు వైపు చూశాడు. ఒక్క ఊపిరి తర్వాత అంకె జారడం మొదలుపెట్టింది. ఆరువందలు. అయిదువందల ఎనభై.

"కరెంటు కాదే, దీన్లో ఉన్నది చిన్న సెల్లే. నేనూ కట్టుకుని చూశాను. ఇటు రా, నీ గొంతుకు దిగింది చూడు." షాపాయన చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

ఆమె దగ్గరకు రాలేదు. "అంత గట్టిగా అరిస్తే ఎవరికైనా అదురుతుంది. దానికి వినపడనక్కర్లేదు, మంచం అదిరినా చాలు."

"పోనీ మెల్లగా పిలిచి చూడరాదూ?"

"వద్దండీ." ఆమె గొంతు సన్నబడింది. "దిగలేదనుకోండి? ఇప్పుడైతే తెలియదు కాబట్టి బతుకుతున్నాను. లేదని తేలిపోయాక ఏం చెయ్యను?"

అతను తీగలు విప్పబోయాడు. ఆమె "ఉండండి" అని వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తెచ్చి, మంచం పక్కన నేలమీద వదిలేసింది. మూత గిరగిరా తిరిగి పడింది. అంకె కాస్త దిగి, మళ్లీ తన చోటికి ఎక్కేసింది.

"చూశారా, మీ మీటరు మూతకు కూడా పలుకుతుంది," అంది. అని, వెళ్లిపోకుండా మంచం అంచున కూర్చుంది. అతనితోనో గాలితోనో అన్నట్టు చెప్పుకొచ్చింది.

"చిన్నప్పుడు బడి నుంచి రాగానే పక్కింటివాళ్ల ఫోనులో ఎక్స్‌ఛేంజికి చేసేదాన్ని. 'అమ్మా, నేనే' అనేదాన్ని. డ్యూటీలో సొంత మాటలు మాట్లాడకూడదుగా. 'లైను ఖాళీ లేదు, కాసేపు ఆగండి' అనేది, నేనెవరో తెలియనట్టు. ఆ వెనకే ఫోను మీద గోటితో ఒక్క చిటుకు. విన్నానమ్మా అని. ఆ చిటుకు వింటేనే నాకు అన్నం సయించేది."

తెర కదిలింది. వెలుతురు మంచం మీద నుంచి గోడ మీదికి పాకింది. ఆమె తల్లి చెవి దగ్గరకు వంగి, శ్వాస కంటే కొంచెం గట్టిగా, అంతే,

"అమ్మా, నేనే," అంది.

ఏమీ కాలేదు. అతను లోపల దేవుణ్ణి తలుచుకున్నాడు. వెనకటి ట్రంకు కాల్లో మాట అవతలి ఊరికి చేరడానికి పట్టేంత సేపు గడిచింది. అప్పుడు అంకె కదిలింది. జారుతూ, ఆగుతూ, మళ్లీ జారుతూ అయిదువందలు దాటి కిందికి దిగింది. మూతకు దిగినట్టు దిగి ఎక్కలేదు. దిగి, అక్కడే ఉండిపోయింది.

ఇది ఋజువా అంటే, నీళ్ల ఆఫీసులో అయితే అతను సంతకం పెట్టేవాడు కాదు. చెమటేనేమో. కూతురి ఊపిరి వెచ్చదనమేనేమో. ఆ సంగతి పైకి అనబోయాడు, భార్య మొహం చూసి మానుకున్నాడు. ఆమె తల్లి చేతిని తన చేతిలోకి తీసుకుని, "ఎవరితో మాట్లాడుతున్నావే ఇంతసేపూ? నా వంతు రాదా?" అంటోంది. ఏడుస్తోందో, నవ్వుతోందో తెలియడం లేదు. అటు నుంచి కబుర్లలోకి దిగింది. పైవాటా వాళ్ల పిల్ల మెట్ల మీద పడిందట, కొత్త కుక్కరు ఈల వెయ్యదట, అల్లుడికి ఉప్పు పిచ్చి ఎక్కువైందట.

మధ్యలో మీటరు అలవాటు ప్రకారం కళ్లు మూసింది. అతను లేపబోయి చెయ్యి చాచాడు.

"పడుకోనివ్వండి దాన్ని. మాకక్కర్లేదు," అంది భార్య తల తిప్పకుండా.

అతను మెల్లగా పేలికలు విప్పి తీగలు చుట్టాడు. స్క్రూడ్రైవరు తీసుకుని గుమ్మం బయటికి వెళ్లి, బొత్తాం విప్పి, తెగిన చోట తీగ ఒలిచి మెలితిప్పాడు. లోపలి నుంచి ఆమె గొంతు ఎడతెగకుండా వస్తూనే ఉంది. మధ్యమధ్య ఆగుతోంది, అవతలివాళ్లు చెప్పేది వింటున్నట్టు. ఎవరు ఎవరిని వింటున్నారో తేల్చే పని ఇవాళ్టికి తనది కాదనుకున్నాడు.

బొత్తాం బిగించి నొక్కాడు. బెల్లు ఖణేల్‌మని మోగింది.

లోపల మాటలు ఆగాయి. తర్వాత భార్య నోట అతను ఎన్నడూ వినని ఒక ఆఫీసు గొంతు కిటికీలోంచి వచ్చింది.

"లైను ఖాళీ లేదు. కాసేపు ఆగండి."

సరేనని మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ చల్లబడుతోంది. వెనకాల కిటికీ అద్దం మీద ఎవరిదో గోరు ఒక్కసారి చిటుక్కుమంది.