మూలం లేని మాట

పరిశోధన పేపరు రాసేది కృష్ణమోహన్ అయినా, దాన్ని గడప దాటించేది భార్య వసుమతే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకీ ఆ సంగతి తెలుసు. ఆయన కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్తాడు. బుర్ర బంగారమే, కాదనం. కానీ పేపరు చివర రిఫరెన్సుల దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఎటు పోతుందో! ఏ సంగతి ఎవరి దగ్గర చదివాడో చిన్నచిన్న చీటీల మీద గీకి, ఆ చీటీలన్నీ ఆవిడ ఒళ్ళో పోసి చక్కా పోతాడు.

ఆ తర్వాతదంతా టైప్‌రైటరూ ఆవిడా పడాలి. ఒక పత్రికవాడికి సంవత్సరం రచయిత పేరు పక్కనే ఉండాలి. ఇంకొకడికి అది చివర్లో బ్రాకెట్లో ఉండాలి. ఒకడు వాల్యూమ్ నంబరు కింద గీత కొట్టమంటాడు, ఇంకొకడు గీత కనబడితే కట్ట తిప్పి పంపుతాడు. పెళ్ళివారి అలకలు వీళ్ళ ముందు బలాదూర్. అయినా వసుమతికి ఆ పని ఇష్టం. ఎవరి మాట వాళ్ళ పేరు మీద ఉండటంలో ఆవిడకి ఒక న్యాయం కనిపించేది.

ఆ అక్టోబరులో పంపాల్సిన పేపరు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కార్ల స్ప్రింగులు ఎలా విరుగుతాయన్నదాని మీద. "వసూ, రిఫరెన్సులు సరిచేసి పోస్ట్ చేసెయ్" అని చెప్పి కృష్ణమోహన్ షికాగో మీటింగ్‌కి వెళ్ళిపోయాడు. ఆవిడ వరసగా సరిచూసుకుంటూ ఒక వాక్యం దగ్గర ఆగింది. ఉప్పు తగిలిన స్ప్రింగులు కంపెనీలు చెప్పే కాలంలో సగం కూడా ఆగవని ఉంది. ఎవరు చెప్పారో లేదు. మూలం చూపని మాట అచ్చు వేయబోమని ఆ పత్రిక నిబంధనల మొదటి పేజీలోనే ఉంది.

మూలం ఆవిడకి తెలియకేం? ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గరే పుట్టిన మాట అది. చెప్పింది శ్యామ్‌సుందర్. కృష్ణమోహన్‌తో కలిసి చదివినవాడు, డబ్బు చాలక పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి ఒక కార్ల కంపెనీ టెస్టింగ్ ల్యాబ్‌లో చేరినవాడు. వేసవిలో భోజనానికొచ్చి, ఆవకాయ కలుపుకుంటూ ఈ స్ప్రింగుల గొడవంతా చెప్పుకొచ్చాడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అనుకుంది వసుమతి. పాపం, చదువు ఆగిపోయినవాడు. చెప్పింది రాసుకుని పేరు ఎగ్గొడతాడా ఈయన? మొగుడి మీద ఒళ్ళు మండింది. ఎవరైనా నోటితో చెప్పిన సంగతి వాడుకుంటే వాళ్ళ పేరూ, 'స్వయంగా చెప్పగా' అన్న మాటా, సంవత్సరమూ వేయాలని ఆ పత్రిక పద్ధతి. అలాగే కొట్టింది. శ్యామ్‌సుందర్, స్వయంగా చెప్పగా, 1981. కింద అతను పనిచేసే కంపెనీ పేరు కూడా. అచ్చయ్యాక అందరి ముందూ తీసి చూపిద్దామని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పోస్ట్ ఆఫీసునుంచి వస్తూ దారంతా తనలో తనే నవ్వుకుంది.

ఫిబ్రవరిలో నళిని ఫోన్ చేసింది. శ్యామ్‌సుందర్ భార్య. "వదినగారూ, ఈయన్ని తీసేశారండీ" అని, ఇంక మాట్లాడలేకపోయింది.

మిగతాది కృష్ణమోహన్ వెళ్ళి కనుక్కొచ్చాడు. పత్రికవాళ్ళు ఆ పేపరుని అభిప్రాయం కోసం పంపిన ఇద్దరు పెద్దల్లో ఒకాయన ఆ కంపెనీలోనే పైమెట్టు మీద ఉన్నాడట. ల్యాబ్ రహస్యం బయటికి మోశావని శ్యామ్‌ని గంటలో బయటికి నడిపించారు. గ్రీన్ కార్డ్ పేపర్లు నడిపిస్తున్నదీ ఆ కంపెనీయే. త్వరగా ఇంకో కంపెనీ స్పాన్సర్ చేయకపోతే మొగుడూ పెళ్ళాలూ పిల్లాడూ ముగ్గురూ దేశం వదలాలి.

"నేను వాడి పేరే పెట్టలేదు, ఎలా తెలిసింది?" అన్నాడు కృష్ణమోహన్, కోటు కూడా విప్పకుండా.

"నేను పెట్టాను" అంది వసుమతి.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఆ రోజు నువ్వు పెరుగు తేవడానికి లోపలికెళ్ళావు. అప్పుడే వాడు నా చెయ్యి పట్టుకుని, నా పేరు ఎక్కడా రానీకురా అన్నాడు. రిఫరెన్సు లేకపోయినా ఎవరు పట్టించుకుంటారులే అని వదిలేశాను. ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదా వసూ."

తిట్టినా బాగుండేది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఏమిటో ఆవిడకి ఆ రోజు తెలిసొచ్చింది. మొగుణ్ణి దొంగ అనుకుంది, దేవుడా, అడక్కుండానే అనుకుంది! ఆ సిగ్గుతో వారం రోజులు అన్నం సయించలేదు.

అంతలో అచ్చు ప్రూఫులు వచ్చాయి. తప్పులుంటే దిద్ది వెంటనే తిప్పి పంపాలి. "శ్యామ్ వాళ్ళెలా చెప్తే అలా చెయ్యి. నా పేపరు సంగతి ఆలోచించకు" అన్నాడు కృష్ణమోహన్. వసుమతి ఆ కాగితాలు పట్టుకుని, కరుగుతున్న మంచులో డ్రైవ్ చేసుకుంటూ శ్యామ్ ఇంటికి వెళ్ళింది.

నళిని తలుపు తీసింది గానీ రమ్మనలేదు. శ్యామే "రా చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడ నిలబడే అంతా చెప్పేసింది. పేరు పెట్టింది తనేననీ, ఆయనకి తెలియదనీ. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ప్రూఫులు అతని ముందు పెట్టింది.

అతను తన పేరున్న చోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఆ ల్యాబ్‌లో నేను రాసిన రిపోర్టులు ఒక బీరువా నిండా ఉంటాయి. అన్నిటి మీదా మా మేనేజర్ పేరే. నా పేరు అచ్చులో చూడటం ఇదే మొదలు." కాగితాలు ఆవిడ వైపు జరిపి, "ఉంచెయ్ చెల్లెమ్మా. ఇప్పుడు తీసేస్తే నేను ఉద్యోగం దేనికి పోగొట్టుకున్నట్టు?" అన్నాడు.

"సోమవారం ఒహాయోలో ఇంటర్వ్యూ ఉంది" అంది నళిని, వసుమతి వైపు చూడకుండా. "అదీ కార్ల కంపెనీయే. రేపు వాళ్ళు ఇది చదివి, వీడు లోపలి మాటలు బయట పెట్టేవాడు అనుకుంటే? పిల్లాణ్ణి స్కూల్ మాన్పించి మన దేశం తీసుకుపోదామా?"

శ్యామ్ ప్రూఫులు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. పెన్సిల్ అడిగాడు. "ఎలా కొట్టేయాలి?"

వసుమతి చూపించింది. మాట మీద అడ్డగీత, పక్కన మార్జిన్‌లో చిన్న సున్నా చుట్టి తోక. అతను స్కేలు తెచ్చుకుని మరీ తన పేరు మీద తిన్నగా గీత గీశాడు. సున్నా కూడా చక్కగా చుట్టాడు.

"పోనీలే, పేరుదేముంది" అన్నాడు. "మాట ఉంటుందిగా. ఆ స్ప్రింగుల మీద జనం పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరుగుతున్నారు. ఎవరు చెప్తేనేం, తెలిస్తే చాలు."

వసుమతికి పత్రిక నిబంధన గుర్తొచ్చింది. చెప్పకుండా వచ్చేద్దామనిపించింది. కానీ ఒకసారి చెప్పకుండా చేసినదాని ఫలితం ఎదురుగా కూర్చుని ఉంది.

"మూలం లేకుండా మాటని ఉంచరు అన్నయ్యగారూ. అదీ తీసేయాలి."

అతను పెన్సిల్ ఆ వాక్యం మీదికి తెచ్చాడు. తెచ్చి, బల్ల మీద పెట్టేశాడు. నళిని తల తిప్పుకుంది. ఎంతసేపటికీ వాళ్ళిద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోకపోతే, వసుమతే తీసుకుని, ఆ వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా కొట్టేసింది.