గవర్రాజు దమ్ము

నేను ఒక హార్మోనియం పెట్టెను. రాజమండ్రిలో పుట్టాను, పద్యాల గాయకుడు గవర్రాజు ఇంట పెరిగాను. నన్ను వాయించేది ఆయన భార్య అచ్చియ్యమ్మ. ఇప్పుడు చెప్పేది మేమిద్దరం ఆయన మీద తీర్చుకున్న పగ సంగతి.

గవర్రాజుకి గొంతు ఉంది, దమ్ము లేదు. పద్యం చివర రాగం సాగదీయాల్సిన చోట సగంలోనే ఆయాసపడేవాడు. అప్పుడు అచ్చియ్యమ్మ అదే స్వరం మీద నా మెట్టు నొక్కి, తిత్తి గట్టిగా ఆడించేది. ఆ హోరు చాటున ఆయన గుట్టుగా గాలి పీల్చుకుని మళ్ళీ అందుకునేవాడు. మొదటి క్యాసెట్ అలాగే తయారైంది. "ఏం దమ్మండీ బాబూ!" అని జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అట్ట మీద అచ్చియ్యమ్మ పేరు లేదు. పోనీలే అనుకున్నాం.

రెండో క్యాసెట్‌కి కీబోర్డు వచ్చి చేరింది, నాకు శ్రుతి మాత్రం మిగిలింది. మూడోది సీడీ. దాని మీద నా ఫొటో ఉంది, లోపల నా శబ్దం లేదు. నాలుగోదానికి కంప్యూటరే ఆయన రాగాన్ని కావలసినంత పొడుగు లాగింది. గొంతు ప్లాస్టిక్ బిందెలా నున్నగా తేలింది. అది తన గొంతేనని నమ్మేశాడు మహానుభావుడు! టీవీ వాళ్ళతో, "ఆ డొక్కు పెట్టే, మా ఆవిడ వాయింపూ నన్ను ఇన్నేళ్ళు వెనక్కి లాగేశాయండి" అన్నాడు. అచ్చియ్యమ్మ లేచి టీవీ కట్టేసింది. అటక మీదున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

జనానికి ఆ నున్నటి పాట మొహం మొత్తింది. పాత గవర్రాజు కావాలన్నారు. ఐదో ఆల్బం సభలోనే, అందరి ఎదుటే రికార్డు చేస్తానని చాటించి, నన్ను దింపి బూజు దులిపాడు.

"ఏమే, నువ్వే వాయించాలి. ఎప్పట్లాగే."

"అలాగేనండి" అంది అచ్చియ్యమ్మ. ఆ నెమ్మది చూసి నాకు హుషారు పుట్టింది.

సభ కిక్కిరిసింది. చివరి రాగం సగానికి వచ్చేసరికి ఆయన మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు మా వైపు తిరిగాయి. అచ్చియ్యమ్మ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిత్తి నిండా గాలి ఉన్నా నేను కిక్కురుమనలేదు.

రాగం పుటుక్కున తెగింది. మైకు సంగతే మరిచిపోయి, "అందుకోవే అచ్చీ! నా వల్ల కావట్లేదే!" అని రొప్పాడు. స్పీకర్లన్నీ ఆ మాట పలికాయి.

అచ్చియ్యమ్మ మైకు వైపు వంగింది.

"కంగారు పడకండి. మీ ఊపిరి మీరు పీల్చుకోండి. జనం ఆగుతారు లెండి."

ఆయన అందరి ముందూ నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. నా కడుపు చల్లబడింది.