రెండు మాటల కడుపు

లాండ్రీ నుంచి అక్క ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది. చెప్పులు విప్పుతూనే స్టవ్ వెలిగిస్తుంది, మొహం కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. పొద్దున్న వెళ్ళేటప్పుడు నానబోసి వెళ్ళిన శనగ గింజలు అప్పటికి బాగా ఉబ్బి ఉంటాయి. వాటిని కుక్కర్‌లో పడేసి, అది కూతలు పెట్టేలోపు ఉల్లిపాయలు తరిగేస్తుంది. ఏడు గంటలకల్లా తమ్ముడు రేవు నుంచి వచ్చేస్తాడు. వాడితోపాటు వాడి కడుపూ వస్తుంది. ఎవరి కడుపైనా వాళ్ళతోనే వస్తుందనుకోండి, కాకపోతే ఈ కడుపు మాట్లాడుతుంది.

"ఏం వండావ్?" అంటుంది గుమ్మంలోంచే.

"వచ్చావూ? ముందు వాణ్ణి చేతులు కడుక్కోనీ," అంటుంది అక్క, గరిటె ఆపకుండానే.

ఆ వంశంలో మగవాళ్ళ కడుపులు మాట్లాడతాయి. తాతది గావుకేకలు పెట్టేదట. నాన్నది బతిమాలుకునేది. ఆడవాళ్ళవి మాట్లాడవు. అలాగని ఎవరు తేల్చారో, ఎప్పుడు తేల్చారో ఎవరికీ తెలీదు, కానీ అందరూ చెప్పుకునేది అదే. వీధిలోవాళ్ళకి ఇదేమీ వింత కాదు. పక్కింటి టైలరమ్మ మిషను తొక్కుతూ గోడవతల నుంచి "మీవాడి కడుపు ఇవాళ పెందరాళే మొదలెట్టిందే" అంటుంది, వానొచ్చేట్టుందే అన్నంత మామూలుగా.

తమ్ముడి కడుపుతో చిక్కల్లా ఒక్కటే, మాట మీద నిలబడదు. పళ్ళెం ఖాళీ అవగానే "చాలు" అంటుంది. హమ్మయ్య అనుకునేలోపు "చాల్లేదు" అంటుంది. అదే గొంతు, రెండోసారి కాస్త సన్నగా వినిపిస్తుంది, అంతే తేడా. అందుకే వీధిలో దానికి రెండు మాటల కడుపని పేరు పడిపోయింది. చాల్లేదని అడుగుతుంటే పెట్టకుండా ఎలా ఉంటారు చెప్పండి? అక్క మళ్ళీ వడ్డించేది. తమ్ముడు పాపం మళ్ళీ తినేవాడు.

"నాకైతే ఆకల్లేదక్కా. అదే అడుగుతోంది," అనేవాడు, నమలలేక నములుతూ.

అలా తినీ తినీ మనిషి ఇంతయ్యాడు. దానికి తోడు రేవు బయట కొట్లో వేయించిన మాంసం పొట్లం ఒకటి, రోజూ, దారిలో.

తమ్ముడు రేవులో క్రేన్ నడుపుతాడు. పొడవాటి నిచ్చెన ఎక్కితే పైన చిన్న అద్దాల గది ఉంటుంది. అందులో కూర్చుని, ఓడలోంచి ఇంటంత పెట్టెను ఎత్తి, కింద లారీ మీద చప్పుడు కాకుండా దించుతాడు. ఆ పనిలో వాణ్ణి మించినవాడు లేడని రేవంతా అంటుంది. కానీ ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా కుర్చీలో కూలబడ్డాడు. కడుపు కూడా గుమ్మంలో పలకలేదు.

"ఏంట్రా?"

"రేవు డాక్టరమ్మ చూసిందక్కా. బరువు ఎక్కువ, షుగరు ఎక్కువ, నిచ్చెన సగంలో ఆయాసం. కొన్నాళ్ళాగి మళ్ళీ పరీక్ష పెడతారట. అందులోనూ తప్పితే కిందకి దింపేసి గేటు దగ్గర కూర్చోబెడతారు. వచ్చే లారీకి తలుపు తియ్యాలి, పోయే లారీకి వెయ్యాలి." వాడు తన అరచేతులకేసి చూసుకున్నాడు. "నాకు ఆ గది తప్ప ఇంకేం వచ్చక్కా?"

అక్కకి గుండె చివుక్కుమంది. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది తనే. మొదటిసారి నిచ్చెనెక్కిన రోజు వాడు పైనుంచి చెయ్యి ఊపితే, కింద గేటు బయట నిలబడి తను చూసింది.

"నేనుండగా నిన్నెవరు దింపుతారో నేనూ చూస్తా," అంది.

మర్నాడు పని మధ్యలో సెలవడిగి మరీ వెళ్ళి డాక్టరమ్మని కలిసింది. ఆవిడ సూటిగా చెప్పింది. "రాత్రిళ్ళు మాంసం వద్దు, వేపుళ్ళు వద్దు. పప్పులు, గింజలు, ఆకుకూరలు పెట్టండి. ఎనిమిదిలోపు భోజనం అయిపోవాలి. పస్తు మాత్రం ఉంచకండి, కడుపు నిండాలి."

"అది నిండటమేగా డాక్టర్ గారూ మా బాధంతా! వాడిది మాట్లాడే కడుపు."

"మాట్లాడినా మాట్లాడకపోయినా దానికీ ఇదే మందు," అని డాక్టరమ్మ చీటీ రాసేసింది.

ఇక చూడండి అక్క పట్టు. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా క్యారెట్లు, క్యాబేజీ తరిగి డబ్బాలకెత్తింది. వెల్లుల్లి ఒలిచి సీసాలో పెట్టింది. ఒకరోజు ఉడికిన శనగల్లో గుప్పెళ్ళకొద్దీ పాలకూర తుంచేసి, దింపే ముందు నిమ్మకాయ పిండింది. ఒకరోజు ఎర్రపప్పు టమాటాలతో చిక్కగా ఉడకబెట్టి, ముతకపిండి రొట్టె పక్కన పెట్టింది. పుట్టగొడుగులు పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా వేయించి, వేరుశనగలు దంచి చల్లింది. ఏదైనా అరగంటలో అయిపోవాల్సిందే. మాంసం పొట్లం సంగతి కూడా తేల్చేసింది. రోజూ సాయంత్రం గుమ్మంలో తమ్ముడి చేతులు వాసన చూసేది. రెండుసార్లు దొరికిపోయాక వాడు ఆ కొట్టున్న వీధే మానుకున్నాడు.

కడుపు మొదట్లో గునిసింది. "ఆకులా? నేనేమన్నా మేకనా?" అంది.

"తిని మాట్లాడు," అంది అక్క.

తిన్నాక అది కాసేపు ఆలోచించి, "బానే ఉంది. చాలు," అంది. అక్క మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే, సన్నగా, "చాల్లేదు."

"నీ నోట్లో మన్నుపడ!" అని అక్క మళ్ళీ గరిటె అందుకుంది.

లాండ్రీలో దుప్పట్ల మూటలు తూచే పెద్ద కాటా ఉంది. వారం తిరిగేసరికి తమ్ముణ్ణి వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళి దాని మీద నిలబెట్టింది. ముల్లు డాక్టరమ్మ చీటీలో రాసిన బరువు దగ్గరే ఆగింది. మరో వారం చూసింది, మళ్ళీ అంతే. మాంసం లేదు, వేపుడు లేదు, మరి ఎందుకు దిగదు? ఎందుకంటే శనగలైనా సరే, రెండు పళ్ళేలు తింటే రెండు పళ్ళేలే కదా.

"ఇంకో సంగతి అక్కా," అన్నాడు తమ్ముడు కాటా దిగుతూ. "మధ్యాహ్నం పైన గదిలో తింటానా, అక్కడ చాలు అని ఒక్కసారే అంటుంది. మళ్ళీ నోరెత్తదు."

"అంత ఎత్తులో దానికి మాత్రం భయం వెయ్యదూ?" అంది అక్క.

తన సంగతి ఆమెకి పట్టలేదు. అసలు ఆమె సంగతి ఎప్పుడు ఎవరికి పట్టింది గనక? ఉప్పు సరిపోయిందో లేదోనని ఒక చెంచా, గింజ ఉడికిందో లేదోనని మరో చెంచా, చివర్న గిన్నె అడుగున మిగిలింది రొట్టెముక్కతో తుడిచి నోట్లో వేసుకుంటే భోజనం అయిపోయినట్టే. "వండేవాళ్ళకి ఆ వాసనకే కడుపు నిండిపోతుంది," అనేది. సాయంత్రాలు ఆవిరి ఇస్త్రీ దగ్గర కళ్ళు తిరిగేవి. దుప్పటి రెండో కొస పట్టుకునే జోడీదారు "తిన్నావా?" అంటే "ఆఁ," అనేది. ఆవిరి వేడికి అలాగే ఉంటుందిలే అని సర్దుకునేది.

పరీక్ష దగ్గర పడేకొద్దీ అక్కకి నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు భోజనాల దగ్గర గరిటె బల్ల మీద కొట్టి, కడుపునే నిలదీసింది.

"ఏయ్, ఏం కావాలి నీకు? సూటిగా చెప్పు."

"ఆకలేస్తోంది."

"ఇప్పుడేగా తిన్నావ్!"

"నేను తినలేదు."

"కళ్ళముందు పళ్ళెం నాకేసి తినలేదంటావా? సిగ్గులేదూ! నీ మూలాన వాడి బతుకు గేటు పాలవుతోంది తెలుసా?"

"తిట్టకక్కా దాన్ని," అన్నాడు తమ్ముడు పొట్ట నిమురుకుంటూ. "పాపం, నిజంగానే ఆకలేస్తున్నట్టు అడుగుతోంది."

అక్క ఆ రోజు ఇంకో గరిటె వేసి, విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకి రేవులోకి ఓ పెద్ద ఓడ ఆలస్యంగా వచ్చింది. రావడానికి పొద్దుపోతుందని తమ్ముడు టైలరమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. అక్క ఎప్పటిలాగే వంట మొదలుపెట్టింది. ఉడికిన రాజ్మాలో చిలగడదుంప ముక్కలు వేసి, టమాటా మగ్గించి, పైన కొత్తిమీర చల్లింది. మూత పెట్టబోతుంటే వినిపించింది.

"ఆకలేస్తోంది."

"ఆగు, వడ్డిస్తున్నాగా," అంది అలవాటుగా. పళ్ళెంలో పెట్టి, తీసుకెళ్ళి కుర్చీ ముందు పెట్టింది.

కుర్చీలో ఎవరూ లేరు.

అక్క గుమ్మంకేసి చూసింది. గడియ వేసే ఉంది. బల్ల కింద కూడా చూసింది, ఎందుకు చూసిందో ఆమెకే తెలీదు.

"ఎక్కడున్నావ్?" అంది మెల్లిగా.

"ఇక్కడే."

చెయ్యి దానంతటదే తన పొట్ట మీదకి వెళ్ళింది. ఆ మాటకి అరచేతి కింద సన్నగా అదిరింది.

గోడవతల మిషను ఆగింది. "ఏమమ్మోయ్, తమ్ముడు ఇంత తొందరగా వచ్చేశాడా? కడుపు మాట వినబడితేనూ!"

"వాడు రాలేదు పిన్నీ."

"మరి?"

అక్క పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. "అది నాది."

"అయితే తిను మరి, చల్లారిపోదూ?" అంది టైలరమ్మ. మిషను మళ్ళీ మొదలైంది.

అక్కకి చిన్నప్పటి భోజనాలు గుర్తొచ్చాయి. నాన్న తిని చెయ్యి కడుక్కున్నాక "చాల్లేదు" అని వినిపించేది. అమ్మ పరుగెత్తుకెళ్ళి ఇంకాస్త తెచ్చి నాన్నకి పెట్టేది. ఎదురుగా చిన్నపిల్ల, తను, ఖాళీ పళ్ళెంతో కూర్చుని అది చూసేది. నాన్న కడుపుకి ఎంత ఆకలో అని జాలిపడేది కూడా! ఆ ఇంట్లో అన్నేళ్ళూ అడిగింది తన కడుపు. తిన్నది నాన్న, ఆ తర్వాత తమ్ముడు. దాన్ని నోరుమూసుకోమని తిట్టింది మాత్రం తనే. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రెండిటికన్నా గట్టిగా ఆకలేసింది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్ళెం ఖాళీ చేసి, లేచి వెళ్ళి ఇంకాస్త పెట్టుకుంది. చిలగడదుంప ఇంత తియ్యగా ఉంటుందా అనుకుంది. ఇన్నిసార్లు వండింది గానీ, ఉప్పు చూడటమే తప్ప రుచి ఎప్పుడు చూసింది?

"చాలు," అంది కడుపు.

అక్క ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. ఇంకో మాట రాలేదు.

తొమ్మిది దాటాక తమ్ముడు వచ్చాడు. ఒక్క పళ్ళెం తిన్నాడు. "చాలు," అంది వాడి కడుపు. వాడు రెండో మాట కోసం గిన్నె దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. అది ఎంతకీ రాకపోయేసరికి కంగారుపడ్డాడు.

"ఏమైందక్కా దీనికి? ఒంట్లో బాలేదా?"

అక్క చెప్పింది. చెబుతుంటే తమ్ముడి మొహం తెల్లబోయింది. తన పొట్టకేసి చూసుకున్నాడు. ఎముకలు తేలిన అక్క మణికట్టుకేసి చూశాడు.

"అంటే ఇన్నేళ్ళూ నీ తిండి నేను తిన్నానా?"

"నేను పెట్టాను, నువ్వు తిన్నావ్. ఏడవకు. రేపట్నుంచి రెండు పళ్ళేలు, రెండు కుర్చీలు. ఆ పరీక్ష మాత్రం నువ్వు గెలిచి తీరాలి, అర్థమైందా?"

అక్క అన్నదంటే అన్నట్టే. మర్నాటినుంచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. రెండు కడుపులూ అడిగేవి, రెండూ చాలు అనేవి. లాండ్రీ కాటా ముల్లు కదలడం మొదలుపెట్టింది. ఆవిరి ఇస్త్రీ దగ్గర కళ్ళు తిరగడం మానేశాయి. అక్కతో సమానంగా దుప్పటి లాగలేక ఇప్పుడు జోడీదారుకే చేతులు నొప్పెడుతున్నాయట.

పరీక్ష రోజు తమ్ముడు నిచ్చెన ఆగకుండా ఎక్కేశాడు. డాక్టరమ్మ కాగితాల మీద సంతకం పెట్టి, "ఆ గదిలోనే ఉండు," అంది. ఆ సాయంత్రం వాడు గెంతుకుంటూ వచ్చి, అక్కకంటే ముందే స్టవ్ వెలిగించాడు. ఎర్రపప్పు కాస్త అడుగంటింది గానీ, అక్క పైకి అనలేదు. ఇద్దరూ తిన్నారు. "చాలు," అంది తమ్ముడి కడుపు. గిన్నెలో ఇంకా రెండు గరిటెల పప్పు మిగిలింది.

"అక్కా, ఇంకాస్త వెయ్యనా?"

"నాకొద్దురా. ఇవాళ పండగంతా నీది, నువ్వే తినెయ్," అంది అక్క, గిన్నె వాడివైపు జరుపుతూ.

"చాల్లేదు," అంది అక్క కడుపు.

గోడవతల టైలరమ్మ పకపకా నవ్వింది. తమ్ముడు గరిటె పట్టుకుని, ఆమె మొహంలోకి చూస్తూ ఆగాడు. అక్క ఒక్క క్షణం తల దించుకుంది. తర్వాత గిన్నె వెనక్కి లాక్కుని, పళ్ళెం ముందుకు జరిపింది.

"ఆకలిగా ఉంది. పెట్టు," అంది, ఈసారి తన నోటితోనే.