మూలమలుపు మీద పావురాలు

పాలకుర్తి అవతల రేసు ట్రాకు వేశారు. అంత నున్నటి తారు కళ్లముందుంటే రైతుల చేతులూరుకుంటాయా? వడ్లు ఆరబోయడం మొదలుపెట్టారు. ఆదివారం టికెట్టు కొన్న ప్రతివాడూ అక్కడ బండి తోలుకోవచ్చు. మిగతా రోజుల్లో వాచ్‌మన్ పరశురాములు చూసీ చూడనట్టు ఉండేవాడు. శనివారం సాయంత్రానికి శుభ్రంగా ఊడ్చి ఇవ్వాలి, అంతే షరతు.

మంజుల తన వడ్లు మూలమలుపు దగ్గర పోసింది. శనివారం మబ్బు పట్టేసరికి హడావుడిగా బస్తాలకెత్తింది. ఊడ్చింది కూడా. ఊడ్చాననే అనుకుంది.

మర్నాడు ఆమె తమ్ముడు హరీష్ దోస్తు బండి తీసుకుని ట్రాకు మీదికి దిగాడు. తల్లి పోయాక మంజుల చేతుల్లో పెరిగినవాడు.

"జర పైలం రా," అంది.

"రోడ్డు మీదైతే కుక్కలొస్తయి, బర్లొస్తయి. గీడ ఏమొస్తయక్కా?" అని నవ్వి హెల్మెట్ పెట్టుకున్నాడు.

మొదటి చుట్టులో బండ్లన్నీ దాటిపోగానే మలుపు మీద పావురాలు వాలాయి. గుంపుగా చేరి ఏరుకు తింటున్నాయి. తారు మీద పావురాలకేం పని? కంచె పక్కన నిలబడ్డ మంజులకు పై ప్రాణాలు పైనే పోయాయి. అవి తన వడ్లే.

చెప్పాలి. చెబితే పరశురాములు కొలువు పోతుంది, ఊరికి కల్లం పోతుంది, అందరూ తననే ఆడిపోసుకుంటారు. ఆ పాడు ఆలోచనలో ఉండగానే బండ్లు మళ్లీ వచ్చేశాయి. పావురాలు లేచాయి. హరీష్ మోకాలు నేలకు తగిలేంతగా ఒరిగి, గింజల పక్కనుంచి జానెడు దూరంలో పోయాడు. వెనక చక్రం ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. మంజుల కంచె సందులోంచి లోపలికి దూరింది. కల్లం పాడుగాను!

మలుపు దగ్గర జెండాలు పట్టుకున్న మనిషి వైపు పరుగెత్తింది.

"అన్నా, ఆపుండ్రి! మూల మీద వడ్లున్నయి. నేనే పోసిన!"

"వడ్లేందమ్మా? నువ్వు కంచె లోపలికి రావొద్దు," అన్నాడతను.

దూరంగా బండ్ల మోత మళ్లీ పెరుగుతోంది. మంజుల అతని కాళ్ల మీద పడింది. "నా తమ్ముడున్నడన్నా!"

ఆ కేకకు బెదిరి అతను ఎర్ర జెండా ఊపాడు.

బండ్లు నెమ్మదించాయి. హరీష్ సరిగ్గా మలుపు మీద ఆపి, హెల్మెట్ అద్దం ఎత్తాడు. "ఏందక్కా, అందరి ముందట ఇజ్జత్ తీస్తివి!" అని అరుస్తూ కాలు కింద పెట్టాడు.

పెట్టిన కాలు సర్రున జారింది. ఆగి ఉన్న బండితో సహా పక్కకు పడిపోయాడు. లేవబోతే అరచేయి కూడా జారింది. చేతి తొడుగుకు అంటుకున్న గింజలను చూశాడు. అంతసేపూ తాను దూసుకొచ్చిన దారి వైపు చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా," అన్నాడు చిన్నపిల్లాడిలా. "నా చెయ్యి పట్టుకో."