ఎనిమిదో నిమిషం

"ఆ గిన్నె ఇంకోసారి తోము" అన్నారు మా ఆయన, కెమెరా వెనక నుంచి. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను. వీడియో ఎనిమిది నిమిషాలు దాటితేనే మధ్యలో ప్రకటనలు పడతాయట. అందుకని మా ఇంట్లో ఏ పనీ ఎనిమిది నిమిషాల లోపు తెమలదు. తుడిచిన నేలే తుడుస్తాను, మడతపెట్టిన దుప్పటే విప్పి మడతపెడతాను. "ఊరికే ఇంట్లో కూర్చోవడమేగా" అని చుట్టాలతో అనే అత్తయ్య, కెమెరా వెలగగానే నా జుట్టు నిమురుతుంది.

ఈ ఛానెల్ మొదలుపెట్టింది నేనే, కుట్టుపని నేర్పడానికి. నా పేరు, నా ఫోన్ నంబరు. చూసేది నలభై మందే అయినా, మీవల్ల గౌను కుట్టడం వచ్చిందని రాసేవాళ్ళు. ఒకరోజు లైవ్‌లో కుట్టు నేర్పుతుండగా అత్తయ్య వచ్చి నన్ను మాటలంటుంటే కెమెరా ఆపడం మరిచిపోయాను. నా ఏడుపుని లక్షల మంది చూశారు. కుట్టుమిషను అటకెక్కింది. అప్పటినుంచి వారానికొకసారి నాకు ఏదో ఒక అవమానం జరుగుతుంది. వెతికి మరీ జరిపిస్తారు. "ముందే ఏడ్చేయకు, చివరిదాకా బిగపట్టు" అంటారు మా ఆయన. సిగ్గు లేదు నాకు, బిగపట్టడం కూడా నేర్చుకున్నాను.

ఈమధ్య ప్రకటనల మీద రాబడి పడిపోయింది. మరిది కొత్త దారి కనిపెట్టాడు. "ప్రకటనల గొడవే వద్దు వదినా. నెలనెలా చందా కట్టేవాళ్ళకి పొద్దస్తమానం లైవ్. గదికో కెమెరా. వాళ్ళేం చూడాలంటే అదే చూపిద్దాం." చందా కడతామన్నవాళ్ళు అప్పుడే అడగడం మొదలుపెట్టారు. ఒకాయన మా అమ్మాయి గురించి రాశాడు: "పాపని ఎక్కువ చూపించండి. ఏడిస్తే ఇంకా బావుంటుంది." మా ఆయన దాని కింద దండం బొమ్మ పెట్టారు.

ఇవాళ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని ఛానెల్‌ని చందాకి మారుస్తున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. ఏడేళ్ళ నా కూతురు పెరటి మెట్ల మీంచి పడి లోపలికొచ్చింది. మోకాలు చీరుకుపోయి రక్తం పాదం దాకా కారుతోంది. కంట్లో చుక్క నీరు లేదు. పెదవులు బిగపట్టుకుని నిలబడింది.

"నొప్పిగా లేదా తల్లీ?"

"ఉంది. నాన్న కెమెరా తెచ్చాక ఏడుస్తా."

నాకు భయమేసింది. అత్తయ్య మాటలకి ఏనాడూ వేయనంత భయం.

"ఏమోయ్, నీ ఫోన్‌కి ఓ నంబరు వచ్చుంటుంది, చెప్పు" అని ముందుగదిలోంచి మా ఆయన కేక. వచ్చింది. ఆరంకెలు. అవి చెబితే గదికో కెమెరా. చెప్పలేదు. ఫోన్‌లోనే నా ఛానెల్ తెరిచి, అన్నిటికన్నా అడుగున ఉన్న 'తొలగించు' నొక్కాను. మళ్ళీ తెచ్చుకోవడం కుదరదు, సరేనా అని ఫోన్ అడిగింది. ఈ ఇంట్లో నన్ను సరేనా అని అడిగింది అదొక్కటే. సరే అన్నాను.

ముందుగదిలో కుర్చీ గట్టిగా వెనక్కి జరిగిన చప్పుడు. అడుగులు ఇటే వస్తున్నాయి. వంటింటి తలుపు గడియ పెట్టి, పాపని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఇప్పుడు ఏడువు తల్లీ. ఎవరూ చూడటం లేదు."